గాజు పొట్టకు పప్పన్నం

మా అమ్మాయి తెల్లగా ఉన్నదేదీ తినడం మానేసిందన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. అప్పటికి ఇడ్లీ పోయింది, పెరుగు పోయింది, పాలు పోయాయి, ఆ వెనకే అన్నం కూడా పోయింది. పదకొండేళ్ల పిల్ల గోధుమ రొట్టె ముక్కా, అరటిపండూ, గుప్పెడు వేయించిన శనగలూ తిని బడికి వెళ్తోంది. స్కర్టు నడుము దగ్గర నిలవక మా ఆవిడ పిన్నీసు పెడుతోంది. ఎండలు కదా, ఎండల్లో పిల్లలు సరిగ్గా తినరు అనుకున్నానని ఆ తర్వాత అందరికీ చెప్పాను. నిజానికి అంతమాత్రం కూడా అనుకోలేదు. భోజనాల దగ్గర నేను మాట్లాడుతూ ఉంటాను. పక్కవాళ్ల కంచంలోకి చూసే అలవాటు నాకు లేదు.

మేముండేది హౌరా పక్కన లిలువాలో. నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. అమ్మ శ్రీకాకుళం వైపు పుట్టినా బతుకంతా ఈ ఊళ్లోనే గడిచింది. బెంగాలీలో బేరమాడుతుంది, కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. నేను రోజూ లోకల్‌లో హౌరా దాకా వెళ్లి, లాంచీలో గంగ దాటి, బస్సు పట్టుకుని దక్షిణ కలకత్తాలో ఒక పరిశోధనశాలకు వెళ్తాను. తిండిలోకి కలిపే అతి సూక్ష్మమైన పొడులు కడుపులోకి వెళ్లాక ఏమవుతాయో చూడడం మా పని. మిఠాయి పూతకు తెల్లదనం తెచ్చే పొడి ఒకటి. ఉప్పు, మసాలా పొడులు గడ్డకట్టకుండా కలిపేది ఇంకొకటి. కొన్నింట్లో వెండి, కొన్నింట్లో ఇనుము. వీటిలో ఒక్కో కణం ఎంత చిన్నదంటే, వెంట్రుక మందంలో వందలకొద్దీ కణాలను పక్కపక్కన పేర్చవచ్చు. నానో కణాలంటారు.

మనిషి కడుపులోకి తొంగి చూస్తూ కూర్చోలేం కనుక గాజు పాత్రల్లో కడుపును తయారు చేసుకుంటాం. మొదటి పాత్ర నోరు, అందులో లాలాజలంలాంటి ద్రవం. రెండోది జీర్ణాశయం, అందులో ఆమ్లం, మాంసకృత్తులను విడగొట్టే రసం. మూడోది చిన్నపేగు, అందులో పైత్యరసం. అన్నీ ఒంటి వేడిలో ఉండే నీళ్ల తొట్టెలో మెల్లగా ఊగుతుంటాయి. మా ఇంట్లో దీని పేరు గాజు పొట్ట. పేరు పెట్టింది మా అమ్మాయే, బాగా చిన్నప్పుడు. నేను ఇంటికి రాగానే, "నాన్నా, ఇవాళ గాజు పొట్టకి ఏం పెట్టావు?" అని అడిగేది. ఆ ప్రశ్న ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

ఆగిపోయింది వేసవి సభ తర్వాత.

కలకత్తా తెలుగువాళ్ల సంఘం ఒకటి ప్రతి వేసవిలో సభ పెడుతుంది. పాటలు, నాట్యాలు, మధ్యలో ఒక ప్రసంగం. ప్రసంగం వచ్చేసరికి జనం మంచినీళ్లకి లేస్తారు, వెనక వరసల్లో బదిలీల గురించి మాట్లాడుకుంటారు. ఆ ఏడు ప్రసంగం నాది. బ్యాంకు అధికారులు, కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, నాన్నతో పనిచేసిన పెద్దలు అందరూ ఉన్నారు. ఒక్కసారైనా వాళ్ల నోరు మూయించి నా మాట వినిపించాలని నాకు ఉండేది. తెర మీద పేగు గోడ బొమ్మ వేశాను. గోడలో ఒకచోట నల్లని చుక్కల గుంపు. "ఇవి అరగవు," అన్నాను. "ఆమ్లంలో కరగవు. మీరు తినే తెల్లని మిఠాయితో రోజూ లోపలికి వెళ్తున్నాయి. గోడ దాటి లోపలికి పోయినవి ఎక్కడ ఆగుతాయో పూర్తిగా ఎవరికీ తెలియదు."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఏ వాక్యాన్నయినా ఏ సభలోనైనా నిలబెట్టుకోగలను. వాటి పక్కన చెప్పవలసిన మిగతా వాక్యాలు కూడా నాకు తెలుసు. అవి చెబితే హాలు మళ్లీ బదిలీల గురించి మాట్లాడుకుంటుంది. అందుకని చెప్పలేదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు బాగా నచ్చింది. నా తర్వాత మా అమ్మాయి నాట్యం ఉంది. ముస్తాబై ముందు వరసలో కూర్చుంది. కాలు కదిపితే చాలు మోగే గజ్జెలు నేను మాట్లాడినంతసేపూ మోగలేదు. అదీ నాకు దక్కిన మెప్పుగానే లెక్కవేసుకున్నాను.

సభ అయ్యాక అందరం టీ తాగాం, పెట్టిన మిఠాయి తిన్నాం, ఇంటికొచ్చాం.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను భోజనానికి కూర్చుంటే మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మీ అమ్మాయి అన్నం తిని ఎన్నాళ్లయిందో చెప్పండి చూద్దాం."

"నిన్న తినలేదా?"

"నిన్నా లేదు, మొన్నా లేదు. పెరుగు మానేసి ఇంకా ఎక్కువ రోజులైంది. నేను చెప్తూనే ఉన్నాను, మీరు ఊఁ అంటూనే ఉన్నారు."

అమ్మ వంటింట్లోంచి అందుకుంది. "గుంటకి దిష్టి తగిలీసింది. ఆ డాన్సు రోజునే తగిలింది. తీద్దామని ఉప్పు పట్టుకెళితే, మామ్మా, ఉప్పు నా చుట్టూ తిప్పకు అంటుంది. ఎక్కడైనా ఉందేటి?"

సాయంత్రం మా వీధి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ముసలి బెంగాలీ ఆయన, నా చిన్నప్పటి జ్వరాలు కూడా ఆయనకు తెలుసు. బరువు చూశాడు, కింది కనురెప్ప లాగి చూశాడు, గోళ్లు చూశాడు. ఏం తినడం లేదమ్మా అని అడిగాడు. "శాదా," అంది అమ్మాయి. తెల్లనివి. ఎందుకు అని అడిగాడు. అది నా వైపు చూసింది.

"నువ్వేం చెప్పావు?" అని ఆయన నన్ను అడిగాడు.

నేను కణాల గురించీ, పేగు గోడ గురించీ మొదలుపెట్టాను. కొంచెం విని చేయెత్తి ఆపాడు. వచ్చేవారం మళ్లీ బరువు చూస్తానన్నాడు. ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి ఉంటుందన్నాడు. "ఆ గొట్టంలో పోసేదీ తెల్లగానే ఉంటుంది. కాబట్టి దాని గురించి ఇప్పుడే చెప్పకు," అని నాకు మాత్రం వినపడేలా అన్నాడు. "బతిమాలొద్దు, తిట్టొద్దు. భయం నీ దగ్గర కొన్నది. నీ దగ్గరే మార్చుకోవాలి."

ఇంటికి వస్తుంటే టోటో బ్యాటరీ రిక్షా కుదుపుకి దాని మోచెయ్యి నా పక్కటెముకలకు తగిలింది. ఎముకకి ఎముక తగిలినట్టుంది.

అసలు సంగతి మా ఆవిడ పట్టుకుంది. కొన్నాళ్లుగా పిల్ల మాటిమాటికీ స్నానం చేస్తోందట. ఎందుకే అంటే, "లోపలికి ఎలా స్నానం చేస్తారమ్మా?" అని అడిగిందట.

ఇది అర్థం కావాలంటే మా అమ్మ ఊరగాయ జాడీ సంగతి చెప్పాలి. ఆవకాయ జాడీని అమ్మ దేవుడి గూటి కన్నా జాగ్రత్తగా చూస్తుంది. స్నానం చేసి, చేతులు పొడిగా తుడుచుకుని, తనే తీయాలి. బయటినుంచి వచ్చినవాళ్లు, బడి బట్టల్లో ఉన్నవాళ్లు ముట్టుకుంటే అంటు. ఒక్కసారి అంటు తగిలితే జాడీ మొత్తం పోయినట్టే. కొంచెం పాడవడమన్నది లేదు. మా అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచీ ఇది వింటోంది. సభలో నా మాటలు వినేసరికి ఈ రెండూ దాని తలలో అతుక్కుపోయాయి. తెల్లని కణాలు అంటు. ఒక్కటి తగిలినా కడుపు మొత్తం పోయినట్టే. పైగా ఆ జాడీని కడగడానికి లేదు. మరే ఇంట్లోనూ పిల్లలు ఇలా అనుకుని ఉండరు. ఇలాంటి తండ్రీ, ఇలాంటి మామ్మా ఒకే ఇంట్లో ఉన్న పిల్లకే ఇది సాధ్యం.

మా ఆవిడ చెప్పింది విని అమ్మ జాడీ మీది గుడ్డ సర్దింది. "నేను జాడీ గురించి చెప్పేను గానీ కడుపు గురించి చెప్పేనేటి?" అంది.

"దానికి రెండూ ఒకటే అయిపోయాయి అత్తయ్యా."

"అయితే ఇద్దరం కలిసి చేసేం," అంది అమ్మ, నన్ను చూస్తూ. నేనొక్కడినే చేశానని అనకపోవడం ఆవిడ మంచితనం.

మర్నాడు సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టుకున్నాను. కణాల్లో చాలా భాగం లోపల ఆగవనీ, వచ్చిన దారినే బయటికి పోతాయనీ చెప్పాను. అది శ్రద్ధగా విని, "అయితే ఆ రోజు అబద్ధం చెప్పావా?" అంది.

"అబద్ధం కాదు."

"అయితే అది నిజమే కదా."

"నిజమే. కానీ..."

"మరింకేటి?"

నేను చెప్పే మాటకి మా ఇంట్లో విలువ పోయిందని అప్పుడు తెలిసింది. ముందు ఒకటి చెప్పి, డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చాక ఇంకొకటి చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు? పిల్ల లేచి వెళ్లబోతూ ఆగింది.

"గాజు పొట్టకి ఎప్పుడైనా అన్నం పెట్టారా?"

పెట్టలేదు. చాలాసార్లు పొడిని ఒట్టి నీళ్లలో కలిపి పోస్తాం. తిండి కలపాల్సి వస్తే పిండి, నూనె, పాల మాంసకృత్తులు కలిపిన మిశ్రమం ఒకటుంది, అన్ని ప్రయోగశాలల వాళ్లూ వాడేది. అదే చెప్పాను.

"మరి అది మన పొట్ట ఎలా అవుతుంది?"

అమ్మ వంటింట్లోంచే అంది. "అన్నం పెట్టకుండా ఒట్టి మందులు పోస్తే ఏ పొట్టకైనా రోగం రాదేటి? శనివారం పట్టుకెళ్లు. పప్పన్నం నేను కలిపిస్తాను."

వేళాకోళానికి అన్న మాటని అమ్మాయి గట్టిగా పట్టుకుంది. నేనూ సరేనన్నాను. ఆ వారమంతా నా బుర్రలో తిరిగిన ఆలోచన ఒకటి చెప్పాలి. ఫలితం నాకు కావలసినట్టు రప్పించడం ఎలాగో నాకు తెలుసు. పొడి తగ్గించి వేస్తే చాలు, లేదా ముందుగానే గట్టిగా వడగట్టేస్తే చాలు. పిల్ల ప్రాణం కోసమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను కూడా. శుక్రవారం ప్రయోగశాలలో పొడి సీసా చేతిలో పట్టుకున్నప్పుడు సభలో చేసిందీ ఇదేనని తోచింది. అప్పుడు భయపడేలా సగం చూపించాను, ఇప్పుడు భయం పోయేలా సగం చూపించబోతున్నాను. సీసా అక్కడే పెట్టేశాను. మర్నాడు పొడి అమ్మాయి చేతే తూయించాలనుకున్నాను.

శనివారం పొద్దున అమ్మ పెసరపప్పు వండి అన్నంలో నెయ్యి వేసి కలిపింది. ఒక చిన్న డబ్బాలో సర్ది, "ఇది గాజు పొట్టకి," అంది. పెద్ద డబ్బాలో ఇంకొంచెం పెట్టి, "ఇది మీకు," అంది. మూడోదాంట్లో పెరుగన్నం పెట్టింది. దాన్ని చూసి అమ్మాయి మొహం తిప్పుకుంది. అమ్మ ఆ డబ్బాకీ మూత పెట్టేసింది. అప్పుడే నిద్ర లేచి, నలిగిన గౌనులో, జుట్టు చెదిరి నిలబడ్డ పిల్లని పిలిచి ఊరగాయ జాడీ ముందు కూర్చోబెట్టింది.

"ఆవకాయ లేకుండా పప్పన్నం ఎవరు తింతారే? నువ్వు తీ."

"స్నానం చెయ్యలేదు మామ్మా."

"చేతులు పొడిగా ఉన్నాయా?"

అమ్మాయి చేతులు చూసుకుని, గౌనుకి తుడుచుకుని, తలూపింది.

"చాలు. తడి తగిలితే బూజు పడుతుంది. మిగతాదంతా మా అత్తగారు చెప్పింది, నేను చెప్పేను. తీ."

పిల్ల చెంచా పెట్టి ముక్కలు తీసి, రెండు పప్పన్నం డబ్బాల్లోనూ వేసింది. మూత పెట్టాక కూడా జాడీ వంక చూస్తూ కూర్చుంది, దానికేదో అవుతుందని. మా ఆవిడా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. పెళ్లై ఇన్నేళ్లయినా మా ఆవిడను ఆ జాడీ ముట్టుకోనివ్వలేదు అమ్మ.

లోకల్‌లో సీటు దొరికింది. హౌరాలో దిగి లాంచీ ఎక్కాం. గంగ మీద గాలి బాగుంది. మరమరాలవాడు డబ్బాలో ఉల్లిపాయలు, ఆవనూనె వేసి గిలకరిస్తూ మా దగ్గరకొచ్చాడు. ఇదివరకైతే వాడు కనపడకముందే అమ్మాయి చేయి చాపేది. ఇప్పుడు టిఫిన్ డబ్బాల సంచి ఒళ్లో పెట్టుకుని నీళ్లవైపు తిరిగింది. మరమరాలూ తెలుపే.

ప్రయోగశాలలో నాతో పనిచేసే పరిశోధక విద్యార్థిని ఉంది, బెంగాలీ అమ్మాయి. మూడు పాత్రల వరసలు సిద్ధం చేసి పెట్టింది. ఒక వరసలో నీళ్లూ పొడీ. రెండోదాంట్లో పప్పన్నమూ పొడీ. మూడోదాంట్లో ఒట్టి పప్పన్నం, పోల్చి చూసుకోడానికి. మా అమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని పొడిని స్వయంగా తూచింది. పళ్లకు బదులు చిన్న మిక్సీలో అన్నం తిప్పాం. మూత తీయగానే గదంతా ఆవకాయ వాసన. "స్యార్, మన పేగుకి వారం దాకా ఈ వాసన పోదు," అని బెంగాలీ పిల్ల నవ్వింది. ఆ జీర్ణరసాలు ఏ జంతువులవని మా అమ్మాయి అడిగింది, పందివని చెప్పాను. ఆ సంగతి మామ్మకు చెప్పకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

రసాలు పోసుకుంటూ, పాత్రలు ఊగుతుంటే చూస్తూ, ఆ రోజు సభలో చెప్పనివన్నీ దానికి చెప్పాను.

కణం నోట్లో పడగానే లాలాజలంలోని జిగురు దానికి అంటుకుంటుంది. ఆ క్షణం నుంచీ అది ఒంటరి కణం కాదు, చొక్కా తొడుక్కున్న కణం. కడుపులో ఆ చొక్కా మారుతుంది. ఇనుము లాంటివి ఆమ్లంలో చాలావరకు కరిగిపోతాయి. తెల్ల పొడి కరగదు, కానీ ఒకదానికొకటీ అన్నానికీ అంటుకుని ఉండలు కడుతుంది. పేగులో పైత్యరసం తగిలాక కొన్ని ఉండలు మళ్లీ విడిపోతాయి. అయితే పేగు గోడకి ముందు జిగురు పొర ఉంటుంది. బెండకాయ తరిగినప్పుడు కత్తికి అంటుకునే జిగురులాంటిది. అందులో చిక్కుకున్నవి చిక్కుకున్నట్టే ఉండగా, పేగు ఆ జిగురును వదిలించుకుంటూ కొత్తది పూసుకుంటూ ఉంటుంది. పాత జిగురుతో పాటు అవీ బయటికి పోతాయి. గోడలో అక్కడక్కడ కాపలా చోట్లు ఉన్నాయి. లోపలికి ఏమేం వస్తున్నాయో చూడడానికి శరీరమే కొన్నింటిని అక్కడ లోపలికి తీసుకుంటుంది. సభలో నేను చూపించిన నల్ల చుక్కలు అక్కడివి.

"అంటే గోడకి కన్నం పడలేదా?"

"లేదు. అది తలుపు."

"నువ్వు కన్నం అన్నట్టు చెప్పావు."

"అవును. అలా అనుకునేలా చెప్పాను."

మధ్యాహ్నానికి మూడో పాత్ర పని కూడా అయింది. ముతక తుక్కును తీసేసి, మిగిలిన ద్రవంలోకి వెలుగు పంపి కణాల పరిమాణం అంచనా వేసే యంత్రంలో పెట్టాం. ఒట్టి నీళ్లలో కలిపిన పొడి తెర మీద చిన్న కణాల దగ్గర గుట్టలా కనిపించింది. పప్పన్నంతో కలిపింది చాలావరకు పెద్ద ఉండల వైపు జరిగింది, చిన్నవి కొద్దిగా మిగిలాయి. ఆ తర్వాత ఒట్టి పప్పన్నం పెట్టాం. అందులోనూ చిన్న కణాల దగ్గర ఒక గుట్ట లేచింది.

అమ్మాయి తెర దగ్గరగా జరిగింది. "ఇందులో మనం పొడి వెయ్యలేదు కదా?"

"వెయ్యలేదు."

"మరివేటి?"

"నెయ్యి. నెయ్యి అరిగేటప్పుడు పైత్యరసం దాన్ని ఇంత చిన్న తునకలుగా చేస్తుంది. అలా చేస్తేనే ఒంటికి పడుతుంది. పప్పులోవీ కొన్ని ఉంటాయి. పాలలోనూ ఇలాంటి చిన్న కణాలే ఉంటాయి. పాలు తెల్లగా కనపడేది వాటి వల్లే, ఎవరూ పొడి కలిపి కాదు. అన్నమూ అంతే, దాని తెలుపు దానిదే. అయితే ఇవి ఇంకా అరుగుతాయి, విడిపోతాయి. ఆ పొడి అరగదు. తేడా అది."

"పాల సంగతి నీకు ఆ రోజు తెలుసా?"

"తెలుసు."

అది తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసింది. ఆ తర్వాత, తెర వైపే చూస్తూ అంది.

"మీటింగ్ అయ్యాక నువ్వు రసగుల్లా తిన్నావు. నేను చూశాను. అందరికీ భయం పెట్టి నువ్వు తిన్నావు. నీకెందుకు భయం లేదు?"

కుర్చీలో కూర్చున్నాను. సభ మొత్తంలో దీనికి గుర్తున్నది ఆ రసగుల్లా. తండ్రికి ఏదో రహస్యం తెలుసుననీ, అది తనకు చెప్పలేదనీ ఇన్నాళ్లూ అనుకుంటూ ఉంది. అది అనుకున్నది నిజమే.

"నాకు రెండో సగం తెలుసు కాబట్టి భయం లేదు," అన్నాను. "ఆ సగం చెబితే ఎవరూ నోరు తెరుచుకుని వినరని చెప్పలేదు. వాళ్లు భయపడుతుంటే నాకు బాగుంది. నువ్వూ భయపడుతున్నావని నేను చూడలేదు. నీ వైపు చూడనే లేదు."

బెంగాలీ పిల్లకి తెలుగు రాదు. అయినా ఏదో అర్థమై గిన్నెలు కడగడానికి పక్కగదిలోకి వెళ్లింది.

"ఇప్పుడు మొత్తం చెప్పావా?"

"తెలిసినంత చెప్పాను. కొంచెం తెలియనిది ఉంది. కాపలా చోట్ల దగ్గర లోపలికి వెళ్లిన కాసిని కణాలు ఏళ్ల తర్వాత ఏం చేస్తాయో నాకు తెలియదు. ఆ తెల్ల పొడిని తిండిలో వద్దన్న దేశాలున్నాయి, పరవాలేదన్న దేశాలున్నాయి. తెల్ల పూత ఉన్న బిళ్లలు మానేస్తే నష్టం ఏమీ లేదు, నేనూ మానేస్తాను. ఇవాళ మనం చేసింది కూడా ఒక్కసారి చేసిన పని. దీన్ని బట్టి అంతా తేలిపోయిందని అనకూడదు."

"నీకు తెలియదా?"

"తెలియదు."

దానికి ఆ మాట ఊరటనిచ్చిందో నిరాశపరిచిందో మొహం చూసి చెప్పలేకపోయాను. సంచి భుజాన వేసుకుని, "ఆకలేస్తోంది," అంది. గదిలో తినకూడదు కనుక బయటికి వచ్చాం. బస్సులో నిలబడే చోటు కూడా లేదు. లాంచీలో ఆ వేళకి జనం పల్చగా ఉన్నారు. వెనక బల్ల మీద కూర్చుని పెద్ద డబ్బా మూత తీసింది. పప్పన్నం చల్లారి గట్టిపడి ఉంది.

"ముందు నువ్వు తిను."

తిన్నాను. అది నా నోటివంకే చూసింది, మింగేదాకా. తర్వాత తను చిన్న ముద్ద చేసుకుంది. వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, ఆవకాయ ముక్క ఎర్రగా అద్ది, నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. నేను నది వైపు చూడడానికి ప్రయత్నించాను. బతిమాలొద్దని డాక్టరు చెప్పాడు. ఇంకో ముద్ద తిన్నట్టు డబ్బాకి చెయ్యి తగిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంకోటి. హౌరా ఒడ్డు దగ్గరయ్యేసరికి డబ్బాలో సగం ఉంది. మిగతాది నాకిచ్చేసింది. పెరుగన్నం డబ్బా మూత తీసి చూసి, మళ్లీ మూసి, "ఇది ఇవాళ కాదు," అంది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. మా చేతిలోని డబ్బాలు అందుకుని బరువు చూసుకుంది. ఇంకేదీ అడక్కుండా ముందు గాజు పొట్ట సంగతే అడిగింది.

"ఏటే, తిందా? అరిగిందా దానికి?"

"అరిగింది మామ్మా. అంతా కాదు. కొంచెం మిగిలింది."

"ఆ మిగిలిందేటవుతుంది?"

"నాన్నకి తెలీదంట."

అమ్మ నా వైపు చూసింది. "తెలీదని మీ నాన్న చెప్పేడేటి?"

"చెప్పేడు."

"నోటితోనే?"

"నోటితోనే మామ్మా."

అమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులు విప్పుతున్న మనవరాలిని దగ్గరకు లాగి, పసిపిల్లకి చేసినట్టు దాని కడుపు మీద చెయ్యి వేసి, జీర్ణం, జీర్ణం అంటూ నిమిరింది. అమ్మాయి మెలికలు తిరుగుతూ నవ్వింది. పొద్దున జాడీ ముట్టుకున్న చేతులకి ఇంకా ఆవకాయ వాసన ఉందని, అవి మామ్మ ముక్కు దగ్గర పెట్టింది.

వారం తర్వాత బరువు తగ్గలేదు. పెరగనూ లేదు. డాక్టరు తలూపి, ఇంకో వారం చూద్దామన్నాడు. పెరుగు దాకా రావడానికి వానలు రావలసి వచ్చింది. ఇప్పటికీ కొత్తది ఏదైనా కంచంలో పడితే అది ముందు నా వైపు చూస్తుంది. నేను తింటున్నానా లేదా అని. ఆ చూపు నేను తెచ్చుకున్నదే. అందుకని ఇప్పుడు భోజనాల దగ్గర నేను ఎక్కువ మాట్లాడను. తింటాను, అదీ దానికి కనపడేలా.